గాట్విక్ – ఒక మేకలదొడ్డి పేరు

ఇంగ్లండు దేశమున లండన్ నగరమునకు దక్షిణముగా సుమారు 30 మైళ్ల దూరమున గాట్విక్ అను విమానాశ్రయము కలదు. బిడ్డలను చదువులకో ఉద్యోగములకో విదేశములకు పంపిన మన పెద్దలలో ఈ పేరు వినినవారు పెక్కుమంది యుందురు. ఆ పేరునకు అర్థమేమని విచారించినవారు మాత్రము అరుదు. గాట్విక్ అనగా మేకల దొడ్డి. ఏటేట కోట్లకొలది ప్రయాణికులు వచ్చిపోవు ఆ స్థలము, మేకలను పెంచుకొని బ్రదికిన ఒక చిన్న కమతపు పేరును నేటికిని మోయుచున్నది.

ఆ కమతపు పేరు ఇన్ని శతాబ్దములు ఎట్లు నిలిచినది, దాని అసలర్థమును పండితులు ఏ విధముగా నిర్ణయించిరి అను విషయమును ఈ వ్యాసమున సంగ్రహముగా వివరింపదలచితిమి. ఇంగ్లండులోని మేకలదొడ్డితో మనకేమి పని యని పాఠకులు శంకింపవచ్చును. తెలుగుదేశమునకు వెలుపల స్థిరపడి, తమ యింటిపేర్లను అన్యలిపులలో వ్రాయించుకొనుచు తరములు గడపిన మన కుటుంబములకు ఇందు పని గలదనియే మా యభిప్రాయము. దానిని చివర విన్నవింతుము.

గాట్విక్ అను పేరు మొదట వ్రాతలో కనబడినది క్రీ.శ. 1241లో. అప్పటికి ఆ చోటు సర్రే మండలమున, చార్ల్‌వుడ్ అను భూస్వామ్యములో నుండెను. ఆ యేట రిచర్డ్ ద వారిక్ అను నతడు అందలి 22 ఎకరముల భూమిపై గల హక్కును జాన్ ద గాట్విక్ అను నతనికిని, అతని వారసులకును ఒప్పగించెను. ఇందు రెండు విషయములు గమనింపదగియున్నవి. మొదటిది, పేరు వ్రాసిన తీరు. నేడు ఆంగ్లమున ఈ పేరు చివర ‘సీ’, ‘కే’ అను రెండక్షరములు వ్రాయుదురు. నాటి వ్రాతలో ‘కే’ ఒక్కటియే కలదు. రెండవది, మనుష్యుల పేర్లు. ‘ద’ అనగా ‘ఫలాని ఊరికి చెందిన’ అని భావము. జాన్ అనునది అతని సొంత పేరు. గాట్విక్ అనునది ఊరి పేరు. ఊరి పేరే యింటిపేరైనది. మన యింటిపేర్లలో అధికభాగము పుట్టిన మార్గము సరిగా నిదియే.

ఈ పేరులో రెండు ముక్కలు గలవు. మొదటిది ‘గాట్’. ప్రాచీనాంగ్లమున ఈ మాటకు మేక యని యర్థము. రెండవ ముక్కకు మూలము లాటిను భాషలోని ‘వికుస్’. దానికి వాడ, చిన్న ఊరు అని యర్థము. రోమకులతోడి పరిచయమువలన జర్మను జాతులవారు ఆ మాటను గ్రహించిరి. వారు ఐదవ శతాబ్దమున బ్రిటనుకు వలస వచ్చి స్థిరపడినప్పుడు దానిని తమతో గొనివచ్చిరి. వారి నోట అది ‘వీచ్’ అనియు, విభక్తి మారినచోట ‘వీక్’ అనియు పలుకబడెను. అర్థమును క్రమముగా విస్తరించెను. రేవుపట్టణమునకు, ఉప్పు వండు చోటికి, పాడి పశువులుండు దొడ్డికి గూడ ఆ మాటయే వాడుకయయ్యెను. ఇప్స్విచ్, డ్రాయిట్‌విచ్ మున్నగు పేర్లలో ‘విచ్’ రూపము నిలిచినది. గాట్విక్ మున్నగు వానిలో ‘విక్’ రూపము నిలిచినది.

ఈ జాతి పేర్లు ఇంగ్లండునందంతట గలవు. హార్డ్‌విక్ అనగా మందల దొడ్డి. బటర్‌విక్ అనగా వెన్న చేయు దొడ్డి. బెరిక్ అనగా యవల కమతము. మన గొల్లపల్లెలు, గొల్లపూడులు, ఎనుములపల్లెలు ఎట్టివో యివియు నట్టివే. జనులు దేనిని ఆధారముగా జేసికొని బ్రదికిరో అదియే ఊరి పేరైనది.

ఇచట నొక సందేహము కలుగవచ్చును. నేటి ఆంగ్లమున మేకను ‘గోట్’ అందురు గదా. అట్లయినచో ఆ ఊరు ‘గోట్విక్’ కావలసియుండగా గాట్విక్ ఎట్లయ్యెను? దీనికి సమాధానము భాషా చరిత్రలో దొరకును. ప్రాచీనాంగ్లములోని దీర్ఘమైన ‘ఆ’కారము దక్షిణ, మధ్య ప్రాంతములలో కాలక్రమమున ‘ఓ’కారముగా మారెను. రాయి యని యర్థమిచ్చు ‘స్టాన్’ నేడు ‘స్టోన్’ అయినది. ఇల్లు అని యర్థమిచ్చు ‘హామ్’ నేడు ‘హోమ్’ అయినది. ‘గాట్’ నేడు ‘గోట్’ అయినది. కాని సమాసములో రెండు హల్లులు ఒకదాని వెంట నొకటి వచ్చినచోట, ఆ మార్పు రాకమునుపే ముందరి దీర్ఘము హ్రస్వమై పోయెను. హ్రస్వమైన దానిని మార్పు తాకలేదు. కావుననే రాళ్ల ఊరు ‘స్టాంటన్’గా నిలిచినది, మేకల దొడ్డి గాట్విక్‌గా నిలిచినది. ఈ ధర్మము మనకు క్రొత్త కాదు. ‘మూడు’ అను మాటలోని దీర్ఘము ‘ముమ్మారు’, ‘ముప్పది’ అనునప్పుడు హ్రస్వమగుట మనము నిత్యము పలుకుచునే యున్నాము.

నేటి రూపమును మాత్రమే చూచి అర్థము చెప్పబూనినచో ఎంత పొరపాటు జరుగునో ఈ ‘గాట్’ శబ్దమే చూపగలదు. ఇంగ్లండు ఉత్తర భాగమున టైన్ నది యొడ్డున గేట్స్‌హెడ్ అను పట్టణము కలదు. నేటి ఆంగ్లము తెలిసినవాడెవడైనను దానిని ‘ద్వారము తల’ యని చెప్పును. కాని బీడ్ అను సన్యాసి 731లో ముగించిన తన చరిత్ర గ్రంథమున ఆ చోటిని లాటినులో ‘మేక తల’ అను పేరుతో వ్యవహరించెను. పన్నెండు వందల యేండ్లకు పైబడిన ఆ యొక్క మాట సందేహమును తీర్చినది. అచట నున్నది ద్వారము గాదు, మేకయే.

పేర్ల మార్పునకు మరియొక చక్కని నిదర్శనము కలదు. లండన్ నగరపు పడమటి భాగమున చిజిక్ అను పేట యున్నది. ఉత్తరమున సరస్సుల సీమలో కెజిక్ అను ఊరున్నది. రెంటికిని అర్థ మొక్కటియే: జున్ను చేయు దొడ్డి. రెంటిలోను మొదటి ముక్క ‘చీజ్’ అను మాట. రెండవ ముక్క మనము చూచిన ‘విక్’. వ్రాతలో నిలిచియున్న ‘వ’కారము పలుకుబడిలో లోపించినది. చిజిక్ పేరు సుమారు 1000 సంవత్సరము నాటి వ్రాతలోను, కెజిక్ పేరు సుమారు 1240 నాటి వ్రాతలోను కనబడుచున్నవి. ఒకే మాట ఒకచోట చకారముతోను, వేరొకచోట కకారముతోను ఏల మొదలైనది? ఉత్తర దేశమున నార్వే, డెన్మార్కు ప్రాంతములనుండి వచ్చిన జనులు స్థిరపడిరి. వారి భాషలో ఆ స్థానమున చకారము లేదు. ఇరుగుపొరుగు ఆంగ్లేయుల పేరును వారు తమ నోటికి అనువుగా కకారముతో పలికిరి. ఆ పలుకుబడియే స్థిరపడినది.

కర్ణాటకమున నివసించు మనవారికి ఈ విషయము వివరింప నక్కరలేదు. మన ‘చెవి’ కన్నడమున ‘కివి’. మన ‘చెరువు’ ‘కెరె’. మన ‘చేయి’ ‘కై’. ఇ, ఎ మున్నగు అచ్చులకు ముందు కకారము చకారముగా మారుట తెలుగులోను జరిగినది, ప్రాచీనాంగ్లములోను జరిగినది. కన్నడము పాత కకారమును నిలుపుకొన్నది. చిజిక్, కెజిక్ అను ఊళ్లు ఇట్లు మన చెవిని, వారి కివిని జ్ఞప్తికి దెచ్చుచున్నవి.

ఇక వ్రాతగాండ్రను గూర్చి చెప్పవలయును. 1066లో నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండును జయించెను. ఇరువది యేండ్లకు, అనగా 1086లో, దేశములోని భూములను, పశువులను, పన్నులను లెక్కవేయించి గొప్ప దఫ్తరమును సిద్ధము చేయించెను. దానినే డూమ్స్‌డే గ్రంథమందురు. ఊరి పేర్లను చెప్పినవారు ఆంగ్లమాడు పల్లె జనులు; పాలకులు ఫ్రెంచి మాటలాడువారు; వ్రాసినది లాటినులో. చెప్పినవాని నోటికిని వ్రాసినవాని చెవికిని నడుమ పేర్లు పెక్కు మార్పులు పొందినవి. స్మెతిక్ అను ఊరి పేరులో నాలుకను దంతములకు ఆనించి పలుకవలసిన ఆంగ్ల ధ్వని యున్నది. దానికి డూమ్స్‌డే వ్రాతలో దకారమే కనబడుచున్నది. నేటి నాటింగ్‌హామ్ పేరు ఆ గ్రంథమున సకారముతో ‘స్నొటింగెహామ్’ అని యున్నది. సకార నకారములు కలిసిన సంయుక్తాక్షరముతో పేరు మొదలగుట ఫ్రెంచివారి నోటికి కష్టము. తరువాతి కాలమున ఆ సకారము జారిపోయినది. స్నొట్ అను పెద్దకు చెందిన జనుల ఊరు అను అర్థమును దానితో మరుగుపడినది.

జనులు తమంతట తామే పేర్లను తిరుగవ్రాసికొనుటయు కలదు. యార్క్ నగరమునకు రోమకులు ‘ఎబొరాకుం’ అని వ్యవహరించిరి. ఆంగ్లేయులకు ఆ మాట అర్థము కాలేదు. తమ భాషలో అడవిపందికి ‘ఎయొఫొర్’ అని పేరు. ఆ ధ్వనిసామ్యమును బట్టి దానిని ‘ఎయొఫొర్విక్’ గా మార్చుకొనిరి. పిమ్మట డేనులు దానిని ‘యోర్విక్’ అనిరి. చివరకు యార్క్ అయినది. పందికిని ఆ నగరమునకును మొదట ఏ సంబంధమును లేదు. అర్థము కాని పేరునకు తెలిసిన అర్థమును అంటగట్టుట సర్వదేశముల ప్రజలకును సహజము.

ఇట్టి చిక్కులను విడదీయుటకు ఇంగ్లండున 1923లో స్థలనామ పరిశోధక సంఘమొకటి యేర్పడినది. మండలమునకొక గ్రంథము చొప్పున ఊళ్లు, కమతములు, వాగులు, పొలముల పేర్లను ఆ సంఘమువారు ప్రకటించుచు వచ్చిరి. సర్రే మండలపు సంపుటము 1934లో వెలువడినది. 1936లో ఐలర్ట్ ఎక్వాల్ అను పండితుడు ఆంగ్ల స్థలనామముల నిఘంటువును ప్రకటించెను. ఆయన ఆంగ్లేయుడు గాడు. స్వీడను దేశపు లుండ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. వీరందరి పద్ధతియు నొక్కటియే. నేటి రూపమును నమ్మరు. దొరికిన ప్రతి పాత రూపమును సంవత్సరముతో సహా వరుసగా పేర్చుదురు. వ్రాసినవాడు ఏ భాషవాడో విచారింతురు. ధ్వని మార్పుల నియమములతో సరిచూతురు. కడపట భూమి స్వరూపముతో పోల్చి చూతురు.

గాట్విక్ విషయమున భూమియు అదే సాక్ష్యము పలుకుచున్నది. ఆ సీమకు వీల్డ్ అని పేరు. ప్రాచీనాంగ్లమున దానికి అడవి యని యర్థము. పొరుగున నున్న చార్ల్‌వుడ్ అనగా స్వతంత్రులైన కాపుల అడవి. సమీపముననున్న క్రాలీ అనగా అడవి నడుమ కాకులు వ్రాలు బయలు. చుట్టును అడవియే. ఆకులలములు మేయు మేకలకు ఇంతకన్న అనువైన చోటు మరియేది?

ఆ కమతము తరువాత పొందిన దశలు విచిత్రములు. 1891లో అచట గుర్రపు పందెముల మైదానము వెలసెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1916 మొదలు 1918 వరకు, గ్రాండ్ నేషనల్ పందెమునకు బదులుగా నడపిన పందెములు అచటనే జరిగెను. 1930లో విమానస్థలముగా అనుమతి లభించెను. 1936లో గుండ్రని ప్రయాణిక భవనమును కట్టిరి. దాని యాకారమును బట్టి జనులు తేనెపట్టు అని పిలిచిరి. పునర్నిర్మించిన విమానాశ్రయమును 1958 జూన్ 9న ఎలిజబెత్ రాణి ప్రారంభించిరి. 1974లో ఆ స్థలము సర్రే మండలమునుండి పశ్చిమ ససెక్స్ మండలమునకు మారినది. యజమానులు మారిరి, పనులు మారెను, మండలము మారెను. పేరు మాత్రము మారలేదు.

లండన్ నగరపు పెద్ద విమానాశ్రయమైన హీత్రో కథ ఇంతకన్న కఠినమైనది. సుమారు 1410 నాటి వ్రాతలో ఆ పేరు ‘లా హెతెరెవె’ అని కనబడుచున్నది. బీడు నేలను ఆనుకొనిన ఇండ్ల వరుస యని దాని యర్థము. లండన్ నగరమునకు కూరగాయలు, పండ్లు పండించి పంపిన సారవంతమైన కమతములు అచట నుండెను. 1944లో యుద్ధకాలపు అధికారములతో ప్రభుత్వము ఆ భూములను స్వాధీనపరచుకొనెను. రైతులు వెడలిపోయిరి, ఇండ్లు నేలమట్టమయ్యెను. 1946లో పౌర విమానముల రాకపోకలు మొదలయ్యెను. ఆ పల్లెకు నేడు మిగిలిన గురుతు పేరొక్కటియే.

ఆ హీత్రో పల్లె చెంతనుండియే మనదేశపు ఊరిపేర్ల కథకు నొక దారి కలదు. 1784లో విలియం రాయ్ అను సేనాని తన భూమాపనమునకు ఆధారరేఖను హీత్రో సమీపమునుండి హాంప్టన్ వరకు, ఐదు మైళ్లకు పైగా, కొలిచెను. ఆ కృషికి ఫలముగా 1791లో ఆర్డినెన్స్ సర్వే యను భూమాపన శాఖ యేర్పడినది. ఆ శాఖ పటములకై ఊళ్ల పేర్లను సేకరించునప్పుడు పేర్ల పుస్తకములను ఉంచి, ఏ వ్రాతకు ఎవరు సాక్షులో నమోదు చేయు నాచారము నెలకొల్పెను. అట్టి విద్యనే 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు చెంత పరంగికొండ దగ్గర ఆరంభించెను. ఆంగ్లేయుల పటములమీదను దఫ్తరములలోను మన యూళ్లు క్రొత్త వేషములు దాల్చినవి. కాకినాడ ‘కొకనాడా’ అయ్యెను; ఏలూరు ‘ఎల్లోర్’ అయ్యెను; మచిలీపట్నము ‘మసులిపటాం’ అయ్యెను. నార్మను వ్రాతగాండ్రు ఆంగ్లేయుల యూళ్లకు జేసినదే, ఆంగ్లేయులు మన యూళ్లకు జేసిరి. కడప పేరు ఆంగ్లపు వ్రాతలో సవరింపబడినది 2005లో. బళ్లారి పేరు సవరింపబడినది 2014లో.

కాని తొందరపడి ప్రతి వింత రూపమును దొరల తప్పిదమనరాదు. బెజవాడ యను మాటను ఆంగ్లేయులు విజయవాడను చెఱచి కల్పించినదని తలచువారు గలరు. ఆ రూపము పదవ శతాబ్దపు యుద్ధమల్లుని శాసనముననే యున్నది. పాత వ్రాతను చూడక తీర్పు చెప్పరాదనుటకు ఇది మన యింటి నిదర్శనము.

ఇప్పుడు మన యింటిపేర్లకు వత్తము. మనలో ననేకుల యింటిపేరు ఒక ఊరి పేరు. ఆ ఊరిని కన్నులార చూచినవారు ఇంటిలో నొక్కరును లేకపోవచ్చును. ఆ పేరునకు మిగిలిన సాక్ష్యము వ్రాత మాత్రమే. ఆ వ్రాతయో, అన్యుల చేతిలో నున్నది. తమిళ లిపిలో కకార గకారములకు అక్షర మొక్కటియే. గకారముతో మొదలగు ఇంటిపేరు ఒక తరము గడచునప్పటికి కకారముతో పలుకబడవచ్చును. పైగా తండ్రి పేరు తొలి యక్షరమును మాత్రమే ఉంచుకొను అచటి యాచారమువలన ఇంటిపేరే లోపించినవారు గలరు. మరాఠీ వ్రాతలో హ్రస్వమైన ఎ, ఒ లకు వేరు గుణింతములు లేవు; కొండవారు కోండావారగుదురు. ఒడియాలోను హ్రస్వమైన ఎ, ఒ లు లేవు. పైగా అకారము ఒకారమునకు దగ్గరగా పలుకబడును. 1954 వరకు ఫ్రెంచి పాలనలో నున్న యానాములో ఉకారమునకు రెండక్షరములు వ్రాసి, ఊరి పేరునే ‘యనాఓఁ’ అని మార్చిరి. కన్నడ లిపి మనకు మిక్కిలి దగ్గరది. అచట అక్షరములు చెడవుగాని, పొడి యక్షరములుగా కుదించుటలో పేరే మాయమగుచున్నది.

ఇందులో ఎవరి దురుద్దేశమును లేదు. బడిలో పేరు వ్రాసికొను ఉపాధ్యాయుడు తన లిపిలో తనకు వినబడినట్లు వ్రాసికొనును. 1086 నాటి వ్రాతగాడు చేసినదియు నదియే. అయితే ఆ వ్రాతగాడు తప్పుగా వ్రాసినను, వ్రాసియుంచెను; కనుకనే పండితులు తప్పునుండి ఒప్పును రాబట్టగలిగిరి. వ్రాతయే లేనిచోట ఎంతటి పండితుడును చేయగలిగినది లేదు. 1241లో 22 ఎకరముల భూమికై వ్రాసిన వ్రాత నిలిచియుండనియెడల, గాట్విక్ పూర్వరూపమునకు నేడు మనకు సాక్ష్యము కొరవడియుండును.

కావున ఈ సంపుటమును చదువు కుటుంబములకు మా విన్నపము నొకటి. ఇంటిలోనున్న పాత దస్తావేజులు, శుభలేఖలు, బడి పత్రములు, రేషను కార్డులు, తాతముత్తాతల ఉత్తరములు వెదకుడు. ఒక్కొక్కదానిలో ఇంటిపేరు ఏ లిపిలో, ఏ యక్షరములతో, ఏ సంవత్సరమున వ్రాయబడినదో వరుసగా నొక పుస్తకమున ఎక్కింపుడు. తప్పని తోచిన రూపమును దిద్దవలదు. ఉన్నది ఉన్నట్లే వ్రాయుడు. ప్రక్కన ఇంటిలోని వృద్ధులు ఆ పేరును ఎట్లు పలుకుదురో తెలుగు లిపిలో వ్రాసి, పలికినవారి పేరును, తేదీని చేర్పుడు. అర్థమేమో ఇప్పుడే తేల్చనక్కరలేదు. పలికెడి పెద్దలు మన నడుమ నుండగనే ఈ పని జరుగవలయును. అర్థము చెప్పువారు తరువాత రావచ్చును. వారికి కావలసినది ఆ వరుసయే.